ఒక్క ఓటమి చరిత్ర కాదు

2019 నాటి హాలీవుడ్ చిత్రం చూసి, 1966లో ఫ్రాన్సులోని లె మాన్‌లో ఫోర్డ్ చేతిలో ఫెరారీ కథ ముగిసిందనేవారికి నా విన్నపమిది. ఆ ఓటమిని కాదనను. 1967లోనూ అక్కడ ఫోర్డ్‌దే గెలుపు. అయితే 1960 నుండి 1965 వరకు వరుసగా ఆరుమార్లు అక్కడ గెలిచినదెవరు? 1967 ఫిబ్రవరిలో, ఫోర్డ్ సొంతగడ్డపై, డేటోనా 24 గంటల పందెంలో తొలి మూడు స్థానాలూ కైవసం చేసుకొని, మూడు కార్లనూ పక్కపక్కనే గీత దాటించినదెవరు?

1972లో ఫెరారీ 312 పిబి దిగిన పది పందేలూ గెలిచింది. 1975, 1977లలో ప్రపంచ బిరుదు ఆల్ఫా రోమియోది. ఫార్ములా వన్ కోసం 1973తో తానే తప్పుకొన్న ఫెరారీ, 2023లో లె మాన్ శతవత్సర వేళ 499పితో తిరిగివచ్చి గెలిచింది.

సగం పాఠం చదివి పరీక్ష రాసిన పిల్లవానికి నేనెన్నడూ పూర్తి మార్కులు వేయలేదు. ఇప్పుడూ వేయను.