కాచుకొని యుండు కరెంటు

కోలారు బంగారు గనులకు విద్యుత్తు వచ్చిన కథ మన విద్యార్థులు విననిది కాదు. 1902వ సంవత్సరమున శివసముద్రమువద్ద కావేరీజలమునుండి పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్లు తీగలమీద నడచి మన గనులకు చేరినది. బెంగళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది అటుపిమ్మట, 1905లో. మహానగరముకంటె ముందే ఆ వెలుగు చూచిన గడ్డ మనది. అయితే ఆ తీగలు గనుల యంత్రములకొరకు వచ్చినవేగాని చుట్టుపట్ల పల్లెలకొరకు రాలేదు. పల్లెయిండ్లకు దీపము చేరుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినవి.

నేటికిని ఊరికి దూరముగా తోటలలో ఇల్లు కట్టుకొని, సోలారు పలకను, బ్యాటరీని నమ్ముకొన్న కుటుంబములు ఉన్నవి. అట్టి ఇంటినుండి వచ్చు పదవ తరగతి బాలిక యొకతె తరచు ఇంటిపని ముగింపక వచ్చుచుండెను. మేము మందలించితిమి. “తొమ్మిదికంతా లైటు పోతాది సార్, బ్యాటరీ అయిపోతాది” అని తల వంచుకొని చెప్పెను. విచారింపక మందలించినందుకు మేమే సిగ్గుపడితిమి. ఆమె తండ్రి అప్పుచేసి రెండవ బ్యాటరీ కొనుటకు సిద్ధపడియుండిరి. మా పాఠశాల విజ్ఞానశాస్త్రోపాధ్యాయులతో కలిసి మేమొక ఆదివారము ఆ యింటికి పోయితిమి.

ఆ యింటిలో 200 వాట్ల పలక, 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్నవి. దీపములు, ఫ్యాను, టీవీ అన్నియు ఆర్పించి మీటరు పెట్టి చూచితిమి. ఏమియు పనిచేయని ఆ యింటిలో 25 వాట్లు ఖర్చగుచుండెను! అందులో 15 వాట్లు ఇన్వర్టరు తాను మేలుకొని యుండుటకే తీసికొనుచుండెను. తక్కిన 10 వాట్లు రిమోటుతో ఆర్పిన టీవీవి, దాని సెట్‌టాప్ పెట్టెవి. 25 వాట్లు 24 గంటలు నడచిన 600 వాట్-గంటలగును.

ఇప్పుడు రాబడి చూడుడు. 200 వాట్ల పలకకు మంచి ఎండ ఐదు గంటలు తగిలినను వచ్చునది 1000 వాట్-గంటలు. దారిలో పోవు నష్టములు తీసివేసిన ఇంటికి దక్కునది 700 ప్రాంతము. అందులో 600 ఎవరికిని పనికిరాక పోయినవి. బిడ్డ చదువుకు మిగిలినది నూరు! రెండవ బ్యాటరీ కొన్నను ఫలమేమి? మన జిల్లాకు జీవనది లేదు, చెరువులే ఆధారము. తూము కారుచున్న చెరువుకు కట్ట ఎత్తుచేసిన నీరు నిలుచునా?

చేసిన చికిత్స స్వల్పము. దీపములను 12 వోల్టులవిగా మార్చి, ఇన్వర్టరుతో పనిలేకుండ, ఛార్జి కంట్రోలరునుండి నేరుగా తీగ వేయించిరి. టీవీకి, పెట్టెకు కలిపి స్విచ్చి ఉన్న పలక పెట్టించిరి. టీవీ చూచు రెండు గంటలు మాత్రమే ఇన్వర్టరు మేలుకొనును. దినమునకు మిగిలినది సుమారు 550 వాట్-గంటలు. 9 వాట్ల దీపము ఐదు గంటలు వెలిగినను ఖర్చు 45 మాత్రమే. కొత్త బ్యాటరీ కొనలేదు, అప్పు చేయలేదు. ఆ బాలిక పదకొండువరకు చదువుకొనుచున్నది.

“ఇంత చిన్న విషయమునకు ఇంత వ్యాసమా?” అని కొందరు పెద్దలు అడుగవచ్చును. కరెంటు తీగ ఉన్న ఇంటిలో ఆ 25 వాట్లు నెలకు 18 యూనిట్లు, బిల్లులో కలిసిపోవును. తీగ లేని ఇంటిలో అది బిల్లు కాదు, బిడ్డ చదువు. పైగా సీసపు బ్యాటరీని ప్రతి రాత్రి అడుగంట వాడిన దాని ఆయుష్షును తగ్గును.

కాచుకొనునదంతయు దుబారా అని మేము చెప్పుట లేదు. గనిలో రాయి కొట్టని వేళలయందును పంపులు నీరు తోడవలసియుండెను. 2001లో గనులు మూతపడి పంపులు ఆగిన పిమ్మట సొరంగములు నీట మునిగినవి. కంట్రోలరు తీసికొను రవ్వంత కరెంటు ఆ పంపువంటిది, దానిని ఆపరాదు. ఫోను తీసిన తరువాత గోడకు మిగిలిన మంచి ఛార్జరు అర వాటైనను తీసికొనదు. దానికై పిల్లలను గదమాయించుచు, పక్కనే రేయింబవళ్లు వెచ్చగానుండు పెట్టెను మరచుట వివేకము కాదు. పరికరము నిద్రలో ఒక వాటు మించరాదను సూచన అంతర్జాతీయ ఇంధన సంస్థనుండి 1999లో వచ్చినది. ఐరోపా సమాఖ్య 2013నుండి అనేక గృహోపకరణములకు అర వాటు హద్దు పెట్టినది. మన ఇంటిలోని పాత పెట్టె ఆ హద్దు నెరుగదు. కనుక కొలిచి తెలిసికొనుటయే దారి.

తరగతిలో ఈ ‘స్టాండ్‌బై’కి తెలుగుమాట అడిగితిమి. ఆంధ్రదేశమున శిక్షణ పొందిన మేము సంస్కృత సమాసమొకటి కూర్చుకొనుచుండగనే, వెనుక బల్లనుండి ఒక బాలుడు “కాచుకొని ఉండే కరెంటు” అనెను. మా సమాసమును అంతటితో విడిచితిమి. తెలుగుమాధ్యమమున చదివిన విజ్ఞానము అబ్బదని శంకించు తల్లిదండ్రులకు ఆ బాలుని మాటయే మా సమాధానము. ఇంటిభాషలో అర్థమైన లెక్క ఇంటికి పోయి పనిచేయును.

విద్యార్థులారా! సోలారు ఇండ్లవారు ఒక రాత్రి ఇన్వర్టరు ఉంచి, మరొక రాత్రి ఆర్పి, పడుకొనునపుడును తెల్లవారుజామునను కంట్రోలరుపై కనబడు వోల్టులు వ్రాసికొనుడు. తీగకరెంటు ఇండ్లవారు అన్నియు ఆర్పి, ఫ్రిజ్జి ఆగియున్న వేళ, మీటరుపై చిన్న దీపము గంటలో ఎన్నిమార్లు మినుకునో లెక్కించుడు. యూనిటుకు 3200 అని మీటరుపై ఉన్నచో, 16 మినుకులు 5 వాట్లకు సమము. తీగలను, బ్యాటరీ కొసలను మాత్రము ముట్టకుడు, అది ఎలక్ట్రీషియను పని.

తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటే. మరొక బ్యాటరీకి అప్పు వ్రాయుటకు ముందు, మీ బిడ్డ వ్రాసిన ఆ లెక్క నొక్కమారు చూడుడు.