బీరువాలో మ్రగ్గుచున్న చరిత్ర

బీచుపల్లి వంతెన దాటువారిలో ననేకులు కృష్ణకు చేతులు జోడింతురు, ఆంజనేయస్వామి గుడివైపు తల త్రిప్పుదురు, తమ దారిని పోవుదురు. గద్వాల వనపర్తి సీమలలో క్రైస్తవబోధ చేసినవారు బాప్టిస్టులును మెన్నొనైటులును. అయినను ఈ వంతెన రెండు ఆంగ్లికను సీమల నడుమ నున్నది. దక్షిణముగా కర్నూలు దాటి పోయినచో నంద్యాల, ముత్యాలపాడులలో ఎస్.పి.జి. వారు నాటిన సంఘములు గలవు. ఉత్తరముగా పోయినచో సికిందరాబాదు, బొల్లారము దండు దేవాలయములు గలవు. ఈశాన్యమున దూరముగా దోర్నకల్ కలదు. 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఇందు పెక్కు సంఘములు దానిలో కలిసినవి. నంద్యాలవారిలో పెద్దభాగము నాడు కలియక, బహుకాలము వేరుగా నుండి, 1975లో చేరిరి.

ఈ దేవాలయములలో ఒకే కప్పు క్రింద ఇంగ్లీషు, తమిళము, తెలుగు వేర్వేరు గడియలలో వినబడుట చిరకాలపు వాడుక. కృష్ణ యొడ్డున నిలిచినవాని కిది వింత గారాదు. మహారాష్ట్రమున బుట్టి కన్నడదేశము మీదుగా తెలుగునేల చేరిన నది యిది. పుష్కరములలో ఈ రేవున వినబడు భాష ఒక్కటి కాదు, దాని నెవరును తప్పుపట్టరు. క్రైస్తవ దేవాలయమున మూడు భాషలు వినబడినంతనే, విధవావివాహమును స్త్రీవిద్యను మెచ్చుకొను మన చదువుకొన్న గృహస్థులు సైతము, అది దొరలగుడి, మనకేమి యని త్రోసివేయుదురు. ఈ మాట తప్పు. తప్పైన మాటను దేవాలయముల పెద్దలే పెంచి పోషించుచున్నారు. నా వాద మీ యిరువురితోను.

బొల్లారములోని హోలీ ట్రినిటీ దేవాలయము 1847లో విక్టోరియా రాణి సొంత సొమ్ముతో కట్టబడినది. 1983 నవంబరులో రెండవ ఎలిజబెత్ రాణి తన వివాహదినమున అచట ప్రార్థనకు వచ్చెను. ఆ దేవాలయమును గూర్చి వ్రాసినవాడెవడును ఈ రెండు ముక్కలు విడువడు. సికిందరాబాదులోని సెయింట్ జాన్స్ దేవాలయము 1813 నాటిదని వ్రాసి, అద్దముల రంగులను, గోడకు తాపిన చలువరాళ్లపై సేనానుల పేళ్లను వర్ణించి విడుచుదురు. ఆ రాళ్లను మోసినదెవరు? దొరలు స్వదేశమునకు బోయిన పిదప ఆ బల్లలపై గూర్చున్నదెవరు? మదరాసు పటాలములతోను, వాని వెంట వంటవారుగా, బట్లర్లుగా, గుమాస్తాలుగాను వచ్చిన తమిళులు; చుట్టుపల్లెల నుండి కూలికి వచ్చిన తెలుగువారు. దేవాలయము నిలిచినది వీరివలన. వార్షికోత్సవపు సంచికలలో వీరికి దొరకునది "స్థానిక సంఘము" అను ఒక్క మాట.

భాషలవారీగా వేర్వేరు ఆరాధనలు పెట్టుట తప్పని నేననను. జనులకు దెలియని భాషలో ప్రార్థన చేయరాదని ఆంగ్లికనుల ముప్పదితొమ్మిది మతసూత్రములలో ఇరువది నాల్గవది విధించుచున్నది. లాటిను మంత్రములపై తిరుగబడిన సంఘమునకు అది పుట్టుకతో వచ్చిన నియమము. అర్థము దెలియని మంత్రములకు తల లూపుట మనయిండ్లలో నింకను మానని వార మగుటచే, ఈ సూత్రమును మనము మెచ్చుకొనవలసినదే. కాని తల్లి యొడిలో తెలుగు నేర్చిన కుటుంబము, తెలుగు ఆరాధనకు బోయినచో తక్కువవారితో గలియుదుమని ఇంగ్లీషు ఆరాధనకు బోవునప్పుడు, అది భాషాభేదము గాదు, పంక్తిభేదము. మన విందులలో వేరుపంక్తిని నిందించు నాలుకతోనే దీనిని గూడ నిందింపవలెను.

ఈ పంక్తిభేదము క్రొత్తది గాదు. దక్షిణదేశపు సంఘములలో కులమునుబట్టి కూర్చుండుట, ప్రభురాత్రి భోజనపు పాత్రను ముందు వెనుకలుగా నందుకొనుట కలదని విని, కలకత్తా బిషప్పు దానియేలు విల్సను 1833లో దానిని పూర్తిగా మానవలెనని ఆజ్ఞ యిచ్చెను. ఆజ్ఞ కాగితమున నుండెను, కులము బల్లలపై గూర్చుండెను. ఫాక్సుతో గూడ 1841లో మచిలీపట్టణము చేరిన నోబులు, 1843లో పెట్టిన బడిలో అంటరానివా రనబడిన కులముల బాలురను చేర్చుకొనలేదు. అగ్రవర్ణముల వారిని ముందు మార్చినచో తక్కినవారు వెంట వత్తురని యాయన యెన్నిక. జరిగినది మరియొకటి. తెలుగునాట సంఘమును నింపినవారు మాలలును మాదిగలును. పైనుండి క్రిందికి దిగునన్న ధర్మము క్రిందినుండి లేచినది. ఈ సంగతి నోబులు దొరను పూజించు సంచికలలో గనబడదు.

దోర్నకల్ కథ వేరు. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో తమ డబ్బుతో, తమ మనుష్యులతో ఒక మిషనరీ సంఘమును స్థాపించి నిజాము రాజ్యపు తెలుగు పల్లెలకు బోధకులను బంపిరి. దాని స్థాపకులలో నొకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే దోర్నకల్‌కు వచ్చెను. అప్పటి కాయనకు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సున నాతడు తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడయ్యెను. 1945 జనవరి 1న ఆయన మరణించునాటికి ఆ మండలపు క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి. అందు మిక్కిలి పెద్దభాగము మాలమాదిగలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కెథీడ్రలు చూడుడు: గుమ్మటములు, స్తంభములు, హిందూ మహమ్మదీయ శిల్పముల కలయిక. ఇంగ్లండు పల్లెలోని గుడిని పెకలించి తెచ్చి నాటినట్లుండదు. వచ్చినవాడు స్థానికుల భాష నేర్చుకొనవలెను గాని స్థానికులు వచ్చినవాని భాష నేర్చి గౌరవము సంపాదింప నక్కరలేదని యా కట్టడము చెప్పుచున్నట్లుండును. అయినను అజరయ్య మండలమున గూడ మాలమాదిగల నడుమ గోడ కూలలేదు. నేటికిని వారిలో వియ్య మందుట అరుదు. దీనిని దాచి ఆయనను కీర్తించుట ఆయనకు మేలు గాదు.

ఇక ఈ మనుష్యుల చరిత్ర యెక్కడ నున్నది? రిజిస్టరులలో నున్నది. ఆంగ్లికనుల బాప్తిస్మపు రిజిస్టరున తేది, బిడ్డపేరు, తలిదండ్రుల పేళ్లు, నివాసము, తండ్రి వృత్తి, గురువు సంతకము ఒక వరుసలో నుండును. వృత్తి గడిలో కూలి, బట్లరు, గుఱ్ఱపువాడు. ఆ వరుసలను ఏబదియేండ్లు చదివినచో ఏ పల్లెవా రెప్పుడు వచ్చిరో, కూలివాని మనుమ డెప్పుడు ఉపాధ్యాయు డయ్యెనో తెలియును. భూమి లేనివానికి పట్టా లేదు, శాసనము లేదు. వానిపేరు తండ్రిపేరుతో గూడ సిరాతో వ్రాయబడిన తావు పెక్కుచోట్ల ఇదొక్కటే. తెల్లవారివియు వారి సంతతివారివియు దాఖలాల నకళ్లు ఏటేట లండనుకు బోయి, నేడు బ్రిటిషు లైబ్రరీలో భద్రముగా నున్నవి. తెలుగువాని దాఖలాకు అట్టి రెండవ ప్రతి సామాన్యముగా లేదు. ఉన్న ఒక్కటి దేవాలయపు గదిలోని బీరువాలో చెదలకు వదలబడినది. గంట బీటవారినచో చందా లెత్తు కమిటీలు పుస్తకము చినిగినచో నెత్తవేల?

దీనికి సోమరితన మొక్కటే కారణము గాదు. భయము గూడ కలదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి యుత్తరువు హిందువులు గానివారిని షెడ్యూల్డు కులముల నుండి తొలగించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. రెండు తెలుగు రాష్ట్రములలోను అట్టివారికి బి.సి. "సి" వర్గమున నూటి కొక్కపాలు మాత్రమే దక్కినది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి వ్యాజ్యమొకదానిలో బాప్తిస్మపు దాఖలాను గూడ ఆధారముగా గైకొని, షెడ్యూల్డు కుల ధ్రువపత్రమును నిరాకరించుట సరియే యనెను. తాతకు పేరిచ్చిన పుస్తకము మనుమనికి ఉద్యోగము దీయు పుస్తక మైనది. తడిసి చెడినచో మంచిదే యనుకొను కుటుంబములున్నచో వారిని నిందించుట కెవరికి నోరు వచ్చును? మతము మారినవానికి ఊరిలో రెండవ గ్లాసు మారలేదు, శ్మశానము మారలేదు. మారినది ధ్రువపత్రము. కులమే లేదని దేవాలయమున బోధించిరి. కులము పోయెనని కచేరీలో నిర్ణయించిరి. ఊరిలో నెవరును నమ్మలేదు.

కావున రిజిస్టరులను తెరువు మనునప్పుడు జీవించియున్నవారి పేళ్లను బజారున బెట్టుమని నేననుట లేదు. డెబ్బదియైదేండ్లు దాటిన వానికి నకలు తీయించి, నకలును చదువ నిచ్చి, మూలమును పెట్టెలో భద్రపరుపవచ్చును. దగ్గరికాలపు వానిని మూసియే యుంచవచ్చును. చట్టపు తప్పునకు చెదలచేత శిక్ష వేయించుట న్యాయము గాదు. చట్టమును మార్చుమని యడుగుటలో హిందూ సంస్కర్త యింటివారు క్రైస్తవుని ప్రక్కను నిలువవలెను. వారు నిలిచినచో దొరలగుడి యను మాట వారి నోటనుండి తానే పోవును.

కమిటీలవారి కొక్క మాట. రాబోవు వార్షికోత్సవమునకు సంచిక వేయుదురు గదా. రాణిగారి కథకు ఒక పుట చాలును. తక్కిన పుటలలో మీ పాస్టరేటు తొలి రిజిస్టరులోని మొదటి నూరు వరుసలను, ఊరి పేళ్లు, వృత్తులతో గూడ తెలుగున అచ్చువేయుడు. తమిళులవి తమిళమున గూడ వేయుడు. ఇంగ్లీషు ఆరాధనకు వచ్చువారు తమ ముత్తాత యేభాషలో బాప్తిస్మము పొందెనో అందు వెదకుకొందురు.