కుట్టని దోమ చిరునామా



భూగోళంలో ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి చేరువగా ఐస్‌లాండు అనే ద్వీపం వున్నది. దాని ఉత్తర భాగంలో మీవాట్న్ అనే సరస్సు వున్నది. దోమను పోలిన చిన్న పురుగుల సరస్సు అని ఆ పేరుకు అర్థం. వేసవిలో దాని ఒడ్డున ఈ పురుగులు పొగ లేచినట్టు గుంపులు గుంపులుగా ఎగురుతాయి. కళ్ళలో పడతాయి, ముక్కులో దూరతాయి. కాని కుట్టవు! అక్కడ కుట్టేది నల్ల ఈగ. అది సరస్సులోనుంచి బయలుదేరే లాక్సా నదిలో పుడుతుంది. ఒకరి తప్పుకు మరొకరిని దండించవచ్చునా? అందుచేత ఏది ఏదో ముందు తేల్చాలి.

ఉత్తరం మీద జిల్లా, వూరు, వీధి, మనిషి పేరు రాస్తాము గదా! శాస్త్రజ్ఞులు ప్రాణులకు కూడా ఇట్లాంటి చిరునామా రాస్తారు.

ముందు జిల్లా. ఈ పురుగుకు వున్నవి రెండే రెక్కలు. కనుక ఇది ఈగలూ, దోమలూ వుండే క్రమంలోనిది.

తరువాత వూరు, అనగా కుటుంబం. దీని నోట పొడవాటి సూది లేదు. రెక్కలమీద దోమకు వుండే పొలుసులు లేవు. వాలినప్పుడు దోమ వెనుక కాళ్ళు పైకెత్తుతుంది. ఇది ముందు కాళ్ళు ఎత్తుతుంది. మీసాలను మాత్రం నమ్మకండి. మగవాటికి రెండింటిలోనూ మీసాలు కుచ్చులాగే వుంటాయి. ఈ కుటుంబం పేరు కైరోనోమిడే. చేతులు ఆడిస్తూ అభినయించేవాడు అనే అర్థంగల గ్రీకు మాటనుంచి ఆ పేరు వచ్చింది.

ఈ కుటుంబంలో ఐదువేలకు పైగా జాతులున్నవి! మీవాట్న్‌లో ముఖ్యమైనవి రెండు. పెద్దది కైరోనోమస్ ఐస్లాండికస్, చిన్నది టానిటార్సస్ గ్రాసిలెంటస్. చిన్నదాని రెక్కలమీద సన్నని నూగు వుంటుంది. దాని పిల్లపురుగు మీసాలు తలమీద చిన్న దిమ్మెలపై నిలిచి వుంటాయి. ఇది వీధి, అనగా ప్రజాతి.

అసలు చిక్కు ఆఖరి పేరు దగ్గరే. దానికి సూక్ష్మదర్శిని కావాలి. మగ పురుగు తోక చివర వుండే కొక్కేల ఆకారం చూస్తారు. పిల్లపురుగు గడ్డంమీద పళ్ళవరుస చూస్తారు. అనుమానం తీరడానికి ఒక్కొక్క పిల్లపురుగును వేరువేరు గాజుగొట్టాలలో పెంచుతారు. అది విడిచిన చర్మం, ప్యూపా విడిచిన చర్మం, రెక్కలు వచ్చిన పురుగు, ఈ మూడింటినీ కలిపి దాస్తారు. ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పాలి మరి!

ఇంత శ్రమ ఎందుకని అడుగుతారేమో. ఆ సరస్సులో పెద్దదాని జీవితం రెండేళ్ళు. చిన్నది ఏడాదిలోనే రెండు తరాలు గడుపుతుంది. చిన్నవాటి సంఖ్య కొన్నేళ్ళకొకసారి లక్ష రెట్లకు పైగా పెరిగి, మళ్ళీ పడిపోతుంది. అవి పడిపోయిన ఏట చేపలకూ, బాతుపిల్లలకూ తిండి కరువే. 1967 నుంచి 2004 వరకు ఒక కర్మాగారం కోసం ఆ సరస్సు అడుగు బురదను తవ్వి తీశారు. తవ్వకం వల్ల సరస్సు చెడుతున్నదా అన్న ప్రశ్న అక్కడివారిని ఎంతో కలవరపెట్టింది. దానికి జవాబు కావాలంటే ఏ పురుగు ఎప్పుడు ఎంత వుండేదో తెలియాలి. పిల్లపురుగుల తల డిప్పలు బురద పొరలలో ఏళ్ళ తరబడి చెడకుండా వుంటాయి. పొర పొరా తీసి లెక్కించవచ్చు. కాని పేరు తప్పితే లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే తీర్పు తప్పుతుంది.

ఈ కుటుంబంవారు మన చెరువులలోనూ వున్నారు. ఈ నెలలో ఒక సాయంత్రం దీపం దగ్గర గోడమీద వాలిన పురుగును, చెయ్యి ఎత్తకముందే, భూతద్దంతో చూడండి. అది ఎత్తినవి ముందు కాళ్ళా, వెనుక కాళ్ళా? చూచినది చూచినట్లు బొమ్మ గీసి, తేదీ వేసి, మీ నాన్నగారికో అమ్మగారికో చూపించండి. వెనుక కాళ్ళయితే తెలిసిందిగా, ముందు దోమతెర దించుకోండి!