ఇంటి వస్తువుల యెన్నిక: కంప్యూటరు ఆటలకు కంట్రోలరు

చిలకలపూడి పేరు చెప్పగానే మన సోదరీమణులకు రోల్డుగోల్డు నగలు జ్ఞప్తికి వచ్చును. రాగిమీదను, ఇత్తడిమీదను పలుచని బంగారు పూత పెట్టి, చూచినవారు మేలిమి యని భ్రమపడునట్లు గాజులు, గొలుసులు, కమ్మలు చేయుట ఆ యూరివారికి తరములుగా వచ్చుచున్న విద్య. ఆ యూరి యిండ్లలోను, పోతేపల్లిలోని నగల పార్కులోను ఈ పని నేటికిని జరుగుచున్నది. రాళ్లు అతికించుట, గొలుసులు కూర్చుట మొదలగు పనులలో స్త్రీలు పెక్కుమంది యున్నారు. మెఱుగు క్రింద నేమున్నదో కనిపెట్టుటలో వారిని మించినవారు లేరు. అయినను అట్టి యింటనే ఒక వస్తువును మెఱుగు చూచి కొని, అది చెడగా నిందను పిల్లవానిమీద వేసిన సంగతి యొకటి మా యెఱుకకు వచ్చినది. కావున ఈ నెల ఆ వస్తువును గూర్చియే వ్రాయుచున్నాము.

ఆ పిల్లవానికి పండ్రెండేండ్లు. చదువుకొఱకు కొన్న కంప్యూటరుమీద సెలవు దినములలో ఆటలాడుకొనును. కీబోర్డు మీటలతో కారు నడపుట కష్టముగా నున్నదనియు, రెండు చేతుల బట్టుకొని యాడెడు కంట్రోలరు కావలెననియు చాలనాళ్లు అడిగెను. తల్లి నగలపని కూలిలో మిగిల్చిన సొమ్ముతో దసరాకు కొనిపెట్టినది. అంగడిలో నున్నవానిలో రంగురంగుల దీపములు వెలుగుదానినే యెన్నుకొన్నది. సంక్రాంతి నాటికి, చేయి తాకకున్నను తెరమీది బొమ్మ తనంతట తానే యెడమవైపునకు నడువసాగెను. తండ్రి, నేలకు కొట్టి పాడుచేసినావని వానిని దండించెను. తాను కొట్టలేదని వాడెంత యేడ్చి చెప్పినను నమ్మినవారు లేరు. కంట్రోలరు అటకెక్కినది.

మేము ఆ యింటికి పోయిననాడు ఈ మాట వచ్చినది. పని తెలిసిన యువకు డొకడు దాని మరలు విప్పి లోపలి భాగములను చూపెను. బొటనవ్రేలితో త్రిప్పెడు చిన్నకాడ, అనగా స్టిక్కు, ప్రక్కల రెండు బుల్లి పెట్టెలున్నవి. కుడియెడమల కదలిక నొకటియు, పైక్రిందుల కదలికను మఱియొకటియు కనిపెట్టును. ఒక్కొక్కదానిలో కర్బనపు పూత పూసిన వంపుబాట యున్నది; దానిమీద లోహపు నాలుక యొకటి రాచుకొనుచు జరుగును. నాలుక యెక్కడ నిలిచినదో దానినిబట్టి విద్యుత్తు మాఱును. ఆ మార్పునుబట్టి కాడ యెటు వంగినదో కంప్యూటరు గ్రహించును. దీనిని పొటెన్షియోమీటరందురు. పాత రేడియోలలో శబ్దము హెచ్చించు గుండీలోపల నున్నదియు నిట్టిదే.

ఆటలో కాడను త్రిప్పినప్పుడెల్ల నాలుక బాటమీద రాచుకొనుచునే యుండును. క్రమముగా పూత అఱిగి పొడి రాలును. కాడను నడుమకు తెచ్చు తీగచుట్టయు సడలును. అప్పుడు కాడ నిటారుగా నున్నను, అది యొకవైపు వంగియున్నట్లు కంప్యూటరునకు తోచును. బొమ్మ తనంతట నడచుటకు కారణ మిదియే. ఆటగాండ్రు దీనిని డ్రిఫ్ట్ అందురు. నేలకు కొట్టకపోయినను, వాడుకవలననే ఇది రావచ్చును.

ఇంతవరకు విని ఆ తల్లి, “అయితే పూత అరిగిన గాజులాంటిదేనన్నమాటండీ! పిల్లాణ్ణి ఊరికే కొట్టామే” అని పిల్లవానివంక చూచినది. వాడు తల వంచుకొని మరలను ఒక్కొక్కటిగా డబ్బాలో వేయుచుండెను.

కావున అంగడివానిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న దీపములను గూర్చి కాదు. కాడల క్రింద రాపిడి యున్నదా, అయస్కాంతమున్నదా యని. రాపిడి లేని పద్ధతికి హాల్ ఎఫెక్ట్ అని పేరు. 1879లో అమెరికా దేశమున ఎడ్విన్ హాల్ అను విద్యార్థి కనుగొన్న ధర్మము దీనికి మూలము. కాడ యడుగున చిన్న అయస్కాంతముండును. అది కదలినకొలది దానికెదురుగా నున్న గ్రాహకములో విద్యుత్తు మాఱును. ఒకదాని నొకటి తాకదు గనుక అక్కడ అఱుగుటకు పూతయే లేదు. ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు; 1998లో జపానున వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ ఆటయంత్రపు కంట్రోలరులోనే దీనిని వాడిరి. ఇటీవల టీఎంఆర్ అను మఱియొక రకమును వచ్చినది. అదియు అయస్కాంతముతోనే పనిచేయును. విద్యుత్తును తక్కువగా వాడుకొనును.

ఇచట రెండు జాగ్రత్తలు చెప్పవలసి యున్నవి. పెట్టెమీద హాల్ ఎఫెక్ట్ అని పెద్దయక్షరములతో నుండియు, చూపుడువ్రేళ్లతో నొక్కెడు ట్రిగ్గరులకు మాత్రమే ఆ యేర్పాటుండి, కాడలకు పాత పద్ధతియే యుండవచ్చును. “కాడలకు కూడ ఉన్నదా?” యని విడిగా నడుగవలెను. రెండవది, వెల హెచ్చైనంత మాత్రమున ఈ యేర్పాటుండునని తలపరాదు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ డ్యూయల్‌సెన్స్ ప్రసిద్ధమైనది, వెల గలది. అయినను దానిలో నున్నవి రాపిడి కాడలే. మన దేశమున సాధారణపు తీగ కంట్రోలర్లు వేయి రూపాయల దరిదాపులనుండి దొరకుచున్నవి. మఱికొంత సొమ్ము చేర్చినచో హాల్ కాడలు గలవియు లభించును. దీపములకొఱకు పెట్టు సొమ్మును కాడలకొఱకు పెట్టుట మేలు.

వస్తువు మంచిదైనంతనే చాలదు. దాని భాష కంప్యూటరునకు తెలియవలెను. 17వ శతాబ్దమున బందరు రేవునకు వచ్చిన డచ్చి, ఇంగ్లీషు వర్తకులకు మనవారితో మాటలాడుటకు దుబాసీ కావలసివచ్చెను గదా! ఇదియు నట్లే. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చిన కాలమున మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌ఇన్‌పుట్ అను పద్ధతిని తెచ్చినది. తరువాత విండోసుకొఱకు చేసిన ఆటలలో పెక్కింటికి తెలిసినది ఈ భాషయే. అంతకు ముందటి ఆటలు కొన్ని డైరెక్ట్‌ఇన్‌పుట్ అను పాత పద్ధతిని కోరును. లాజిటెక్ ఎఫ్310 వంటి కొన్నిటికి ఈ రెంటి నడుమ మార్చుకొను మీట యుండును. ప్లేస్టేషన్ కంట్రోలరును కంప్యూటరునకు తగిలించినచో స్టీమ్ అను ఆటల యంగడి కార్యక్రమము దుబాసీపని చేయును. ఎక్స్‌ఇన్‌పుట్ కలదని పెట్టెమీద వ్రాసియున్నదానిని కొనువారికి ఈ చిక్కులు తక్కువ.

దానికి ముందే, పిల్లలాడునది యే యాటయో తెలిసికొనవలెను. కారుపందెములు, బంతియాటలు, గెంతుచు దాటెడు ఆటలు కంట్రోలరుతో సుఖముగా నుండును. సేనలను నడపెడు యుక్తియాటలకు మౌసే మేలు. ప్రతి యాటకును అమ్మకపు పుటలో కంట్రోలరుతో ఆడవచ్చునో లేదో వ్రాసియుండును. అది చూడక కొనరాదు.

తీగ యున్నది మేలా, లేనిది మేలా యని పలువురడుగుదురు. మొదటిసారి కొనువారికి తీగ యున్నదే మేలని మా యభిప్రాయము. బ్యాటరీ చింత లేదు, నొక్కిన నొక్కు ఆలస్యము లేక చేరును, వెలయు తక్కువ. తెర దూరముగా నున్నయెడల తీగ లేనిదానిని కొనవచ్చును గాని, అది బ్లూటూత్‌తో పనిచేయునో, వెంట వచ్చు చిన్న డాంగిల్‌తో పనిచేయునో కనుగొనవలెను. బల్లమీది కంప్యూటర్లలో కొన్నిటికి బ్లూటూత్ ఉండదు. మన దివిసీమ, బందరు ప్రాంతములలో ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడుట మీకు తెలిసినదే. ఆట ముగిసినపిమ్మట చెమట తుడిచి, కంట్రోలరును మూతగల పెట్టెలో దాచుట మంచిది.

ఇక చేతి సంగతి. అసలీ వస్తువు పుట్టినదే చేతి సుఖముకొఱకు. 1962లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాలయమున స్పేస్‌వార్ అను ఆటను చేసినవారు, కంప్యూటరు పలకమీది మీటలతో ఆడి మోచేతులు నొచ్చుటచే, విడిగా చేతి పెట్టెలను చేసికొనిరి. గాజు కొనునపుడు చేతి కొలత చూడక కొందుమా? ఆడువారిని వెంట దీసికొనిపోయి, కంట్రోలరును పట్టించి, బొటనవ్రేళ్లు రెండు కాడలకును, చూపుడువ్రేళ్లు ట్రిగ్గరులకును శ్రమలేక అందుచున్నవో చూడవలెను. ఎక్స్‌బాక్స్ తీరున ఎడమ కాడ పైకి, కుడి కాడ క్రిందికి నుండును. ప్లేస్టేషన్ తీరున రెండును సమముగా నుండును. ఇందు మంచి చెడ్డలు లేవు. చేతికి తగినదే మంచిది. చేతుల బలము చాలనివారికొఱకు 2018లో మైక్రోసాఫ్ట్ వారు అడాప్టివ్ కంట్రోలరును తెచ్చిరి. దానికి పెద్ద మీటలను, కాలితో నొక్కు మీటలను కూడ తగిలించుకొనవచ్చును.

ఆట మగపిల్లలదే యనుకొనుటయు తగదు. 2020లో పుణేవారు వెలువరించిన రాజీ అను ఆటలో, తప్పిపోయిన తమ్ముని వెదకుచు అసురులతో పోరాడునది ఆడపిల్లయే. వామనగుంటలలో అన్నల నోడించిన మన కూతుండ్రు దీనికి మాత్రము వెనుదీయుదురా? ఇంట నిద్దరు పిల్లలున్నచో, మిక్కిలి వెలగల దొక్కటి కొనుటకంటె మధ్యరకపువి రెండు కొనుట నయము.

కొన్ననాడే పరీక్షింపుడు. విండోసులో గేమ్ కంట్రోలర్ల పరీక్షకు ప్రత్యేకముగా ఒక పలక కలదు. అందు కాడను అన్నివైపులకు త్రిప్పి వదలినచో గుఱుతు నడుమకు వచ్చి నిలువవలెను. నిలువనిచో రసీదుతో నాడే మార్పించుకొనుడు. గడువుపత్రమును నగల రసీదులతోపాటు భద్రపఱచుడు.

పాతది జాఱుచున్నదని వెంటనే పాఱవేయ నక్కఱలేదు. స్టీములోను, అనేక యాటలలోను డెడ్‌జోన్ అను నమరిక యున్నది. దానిని కొంచెము పెంచినచో నడుమనుండు చిన్న కదలికలను కంప్యూటరు లెక్కచేయదు. పూత తిరిగి రాదు గాని, జాఱుడు కొలదిగా నున్నయెడల మఱికొన్నినాళ్లు పని జరుగును.

ఆ చిలకలపూడి యింట నాడు జరిగినదియు నిదే. మరలు బిగించి, డెడ్‌జోను పెంచగా, బొమ్మ కదలక నిలిచినది. పాతదానిని చెల్లెలు పట్టినది. హాల్ కాడలు గల క్రొత్తది, దీపములు లేనిది, మఱునెలలో వచ్చినదట. తండ్రి యిన్నాళ్లకు కుమారుని ప్రక్కన కూర్చుండి ఒక పందెమాడి యోడిపోయెనట. వస్తువు చెడినప్పుడు పిల్లలను దండించుటకు ముందు, ఆ పరీక్షాపలక నొకసారి తెఱచి చూడుడని మా మనవి.