మందు చీటీ తర్వాత ఎవరు?

మా మండల కేంద్రంలో నాది మందుల షాపు. స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులకు వాడే ఒలాంజపిన్ చీటీ తెచ్చే ఇళ్లు నాకు తెలుసు. మొదటి నెల తల్లి వస్తుంది, తర్వాత తమ్ముడు, ఆపైన ఎవరూ రారు. "నెమ్మదించాడన్నా, ఇంకెందుకు" అంటారు. జబ్బు తిరగబెట్టేది సరిగ్గా అక్కడే.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కు చేసింది. కాదనను. గడప దాకా వచ్చి "బిళ్ల వేసుకున్నావా అమ్మా" అని అడిగే మనిషి మాత్రం మా ఊళ్లో కనబడడు.

మందు చీటీ తర్వాత మనిషికి తోడుండే పనిని స్వచ్ఛంద సంస్థలు చేసి చూపించాయి. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్, మతి చలించి వీధుల్లో తిరిగే ఆడవాళ్లను చేరదీసింది. ఇంటికి వెళ్లే దారిలేని వాళ్లు కొందరు కలిసి మామూలు వీధిలో, మామూలు ఇంట్లో బతికే ఏర్పాటు చేసింది. (ఇల్లు అద్దెకిచ్చిన ఓనర్లకు దండం పెట్టాలి!) గోవాలో సంగాత్, డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణనిచ్చి డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ చేయించింది. ఆ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయ్యాయి.

అయినా భారమంతా వాటి మీద వేయడం నాకు నచ్చదు. విరాళం రెండు మూడేళ్లలో అయిపోతుంది, స్కిజోఫ్రీనియాకు ఆ గడువు తెలియదు. మా దగ్గరికొచ్చిన ఒక సంస్థ ప్రాజెక్టు ముగియగానే బోర్డు పీకేసింది. రోగుల పేర్లు రాసుకున్న పుస్తకం పీహెచ్‌సీకి చేరనే లేదు. పని నేర్చిన కార్యకర్తలకు సర్కారే జీతమివ్వాలి, శిక్షణను సంస్థలు చూసుకోవాలి. ఆశా కార్యకర్తల నెత్తిన ఇంకో రిజిస్టరు పెట్టి చేతులు దులుపుకోవద్దు.