చేసి చూడండి: గాలిమరకు ఏ మోటారు?

ఆషాఢమాసం వచ్చిందంటే హొళగుందలో మిద్దెమీద ఆరవేసిన బట్టలు నిలవవు. ఆ గాలితో ఒక దీపం వెలిగించాలని మీకూ ఉంటుంది. రెక్కలు చెయ్యటం అంత కష్టం కాదు, పి.వి.సి. గొట్టాన్ని నిలువునా కోసి చేసుకోవచ్చు. చిక్కంతా మోటారు దగ్గరే.

కరెంటు ఇస్తే మోటారు తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉన్న మోటారును మనం తిప్పితే, అదే మనకు కరెంటు ఇస్తుంది. సైకిలు డైనమో ఇటువంటిదే. అయితే దాన్ని నేరుగా రెక్కలకు బిగిస్తే దీపం సరిగా వెలగదు. ఎందుచేత? సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, టైరుకు ఆనుకున్న డైనమో తల నిమిషానికి 3,000 చుట్లకు పైగా తిరుగుతుంది. మీటరు వెడల్పు గాలిమర, మంచి గాలిలో కూడా, అంత వేగంగా తిరగదు.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో విలియం కాంక్వాంబా అనే కుర్రవాడు 2002లో, 14 ఏళ్ల వయసులో, ఈ చిక్కు విప్పాడు. ఫీజు కట్టలేక బడి మానిన అతడు గ్రంథాలయంలో పుస్తకాలు చూసి, పాత సైకిలునే గాలిమరలో పెట్టాడు. రెక్కలు సైకిలు చక్రాన్ని తిప్పాయి. ఆ పెద్ద చక్రం చిన్న డైనమోను ఎంతో వేగంగా తిప్పింది. ఇంట్లో దీపాలు వెలిగాయి.

“సీలింగు ఫ్యాను నిదానంగానే తిరుగుతుంది కదా, దాని మోటారు పనికిరాదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని పాత రకం ఫ్యానులో అయస్కాంతం లేదు! కరెంటు పారినప్పుడే దానిలో అయస్కాంతశక్తి పుడుతుంది. ఊరికే చేత్తో తిప్పితే దీపం వెలగదు. ఇప్పుడు వస్తున్న బి.ఎల్.డి.సి. ఫ్యానులో మాత్రం శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. అటువంటిది పాడై మూలపడినా, మోటారు బాగుంటే మనకు చాలు. (ఇంట్లో తిరుగుతున్న ఫ్యానును విప్పకండి. అమ్మా ఊరుకోదు, కరెంటూ ఊరుకోదు.)

ఆదోనిలో ఏ గుజిరీ అంగడిలోనో దొరికితే, డబ్బు ఇవ్వకముందే ఒక పరీక్ష చెయ్యండి. మోటారు నుంచి వచ్చే మూడు తీగల కొసలనూ కలిపి పట్టుకుని, మోటారును చేత్తో తిప్పండి. బరువుగా తిరిగి, కొసలు విడదీయగానే తేలికపడిందా? అదే మీకు కావలసిన మోటారు.

ఆ మూడు తీగలనూ ఆరు డయోడ్ల గుండా బ్యాటరీకి కలపాలి. ఈ పని తెలిసిన పెద్దవాళ్లను దగ్గర పెట్టుకోండి. గాలి వేగం రెట్టింపైతే దాని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుచేత గాలిమరను ముట్టుకోబోయే ముందు, గాలి తగ్గేదాకా ఆగి, రెక్కలను తాడుతో కట్టెయ్యండి.