82 ఆటల యశస్సు, 7 ఆటల తీర్పు

2023 ఏప్రిల్ 30వ తేది రాత్రి అమెరికాలోని బోస్టన్ నగరమున మంచు హాకీ ఆట ముగియుటకు ఒక నిముషము మిగిలియున్నది. స్థానిక జట్టైన బోస్టన్ బ్రూయిన్స్ 3-2 గోల్సుతో ముందున్నది. ఎదురుజట్టైన ఫ్లోరిడా పాంథర్స్ తన గోల్‌కీపరును వెలుపలికి పిలిపించుకొని, అతనికి మారుగా దాడిచేయు ఆటగాని నొకనిని లోనికి పంపెను. ఈ క్రీడలో అట్లు చేయుట న్యాయసమ్మతమే. ఇల్లు కాలిపోవుచున్నప్పుడు వాకిట కాపలా యెందులకని వారి తర్కము. 59 సెకండ్లు మిగిలియుండగా బ్రాండన్ మాంటూర్ గోలు కొట్టి లెక్క సమము చేసెను. అదనపు సమయమున తొమ్మిదవ నిముషములో కార్టర్ వర్హేగి మరియొక గోలు వేసెను. బోస్టన్ జట్టునకు ఆ యేటి కథ అంతటితో ముగిసినది. అది ఆ లీగు చరిత్రలో ఏ జట్టును అంతకుముందు చూడనంతటి గొప్ప యేడు.

మన పిల్లలకు హాకీ యనగా పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ పేరు మనస్సున మెదలును. ఇది వేరు. ఇందు పచ్చికకు మారుగా మంచు, బంతికి మారుగా పక్ అనబడు గట్టి రబ్బరు బిళ్ళ, కాళ్ళకు ఉక్కు అంచుల స్కేట్లు. గోల్‌కీపరుతో కలిపి పక్షమునకు ఆరుగురు ఆడుదురు. 2022-23లో నేషనల్ హాకీ లీగులోని 32 జట్లును ఒక్కొక్కటి 82 ఆటలు ఆడవలసియుండెను. గెలుపునకు రెండు పాయింట్లు. అదనపు సమయములో ఓడినవారికి ఒక పాయింటు దక్కును. వానిలో అర్హత పొందిన 16 జట్లు ప్లే ఆఫ్ అనబడు రెండవ ఘట్టమునకు పోవును. అచ్చట ఇద్దరిద్దరు ఎదురుపడి, ఏడింటిలో నాలుగు ఆటలు ముందుగా గెలిచినవారు నిలుతురు. అట్టి మెట్లు నాలుగు ఎక్కినవారికి, 1892లో కెనడా గవర్నరు జనరలైన లార్డ్ స్టాన్లీ బహూకరించిన కప్పు లభించును. 82 ఆటల పట్టికలో మొదట నిలిచినవారికిని ఒక బహుమతి కలదు గాని, దాని కొరకు ఊరేగింపు చేయువారు లేరు.

2022-23లో బ్రూయిన్స్ 65 ఆటలు గెలిచిరి, 12 ఓడిరి, అయిదింటిలో అదనపు సమయమున ఓడిరి. మొత్తము 135 పాయింట్లు. అంతకుముందు మాంట్రియల్ జట్టు 1976-77లో సాధించిన 132 పాయింట్లే అత్యధికము. ఇచ్చట ఒక మాట న్యాయము కొరకు చెప్పవలెను. మాంట్రియల్ వారు ఆడినవి 80 ఆటలే. అందు ఓడినవి 8 మాత్రమే, సమముగా ముగిసినవి 12. ఇప్పుడు సమముగా ముగియు ఆటయే లేదు గనుక ఆ రెండు లెక్కలను ఒకే తక్కెడలో తూచుట సరిగాదు. పైగా మాంట్రియల్ వారు ఆ యేడు కప్పును కూడ గెలిచిరి. అయినను బోస్టన్ వారి ప్రతిభను శంకించుటకు వీలులేదు. డేవిడ్ పాస్ట్ర్నాక్ 61 గోల్సు చేసెను. లైనస్ ఉల్‌మార్క్ ఆ యేటి ఉత్తమ గోల్‌కీపరుగ ఎన్నికయ్యెను. నాయకుడు పాట్రిస్ బెర్జెరాన్ రక్షణలో మేటియని బహుమానము నొందెను. శిక్షకుడు జిమ్ మాంట్‌గోమరీకి ఉత్తమ శిక్షకుని గౌరవము లభించెను.

ఎదురైన ఫ్లోరిడా జట్టునకు ఉన్నవి 92 పాయింట్లు. తూర్పు విభాగములో అర్హత పొందినవారిలో అదియే కట్టకడపటిది. నాలుగు ఆటలు ముగియునప్పటికి బోస్టన్ 3-1తో ముందున్నది. అయిదవ ఆట సమముగా నుండగా, చివరి క్షణములలో బ్రాడ్ మార్షాండ్ పక్‌తో ఒంటరిగా దూసుకొనిపోయెను. అతనికిని గోలునకును నడుమ ఒక్క సెర్గేయ్ బొబ్రోవ్‌స్కీ తప్ప మరెవ్వరును లేరు. అతడు కాలు చాచి ఆపెను. అదనపు సమయములో ఉల్‌మార్క్ తన గోలు వెనుకకు వచ్చిన పక్‌ను పంపబోయి చేజార్చుకొనగా, మాథ్యూ కచుక్ గోలు చేసెను. ఆరవ ఆటలో బోస్టన్ చివరి భాగమున 5-4తో ముందుండియు 7-5తో ఓడినది. ఏడవదాని సంగతి మొదటనే చెప్పితిని.

ఇట్టి సమయములందు లోకము చెప్పు కారణములు రెండే: గర్వము, పిరికితనము. 82 ఆటలలో గర్వింపనివారు అయిదవ యాటనాడు హఠాత్తుగా గర్వించిరా? ఏడవ యాటలో 0-2తో వెనుకబడి, మూడు గోల్సు చేసి ముందునకు వచ్చినవారు పిరికివారా? ఫలితము తెలిసిన పిమ్మట గుణములను కనిపెట్టుట సులభము.

గణితోపాధ్యాయులు నల్లబల్లపై వేసి చూపదగిన లెక్క యొకటి కలదు. ఒక జట్టు తన ప్రత్యర్థితో నూరు ఆటలాడిన 60 గెలుచునంతటి మేటి యనుకొందము. అట్టి జట్టు ఏడు ఆటల పోటీలో గెలుచు అవకాశము నూటికి 71 మాత్రమే. 29 సారులు ఓడును. వరుసగా మూడు ఆటలు ఓడుటకు 0.4ను మూడుసారులు గుణింపుడు: 0.064. అనగా సుమారు పదునారింటిలో ఒకసారి. అరుదే గాని అద్భుతము కాదు. కొలదిపాటి గోల్సుతో తేలిపోవు ఆటలో, ఒకని కర్రకు తగిలి ఒరిగిన రబ్బరు బిళ్ళ ఏడాది శ్రమను మాయము చేయగలదు.

అట్లని తప్పులు లేవని కాదు. ఏడాది పొడవున ఇద్దరు గోల్‌కీపర్లు ఆటలను పంచుకొని ఆడిరి. ఆ పంపకమే వారి బలము. ప్లే ఆఫ్‌లో ఆ పద్ధతిని విడిచి ఆరు ఆటలకును ఉల్‌మార్క్‌నే నిలిపి, ఏడవదానికి మాత్రము జెరెమీ స్వేమన్‌ను దింపిరి. అలవాటు పడిన క్రమమును పరీక్షనాడు మార్చుట యెంత ప్రమాదమో ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. బెర్జెరాన్ వెన్నులోని డిస్కు దెబ్బతిని మొదటి నాలుగు ఆటలకు దూరమయ్యెను. తరువాత ఆ బాధతోడనే ఆడెను. సొంత మందిరములో 41 ఆటలలో ఏడు మాత్రమే పోగొట్టుకొన్న జట్టు, ఈ పోటీలో అచ్చటనే నాలుగింట మూడు పోగొట్టుకొన్నది. దీనికి నాకు తృప్తికరమైన సమాధానము దొరకలేదు.

ఫ్లోరిడా వారిని కూడ 92 అను అంకెతోనే చూడరాదు. 2021-22లో 122 పాయింట్లతో పట్టిక కెక్కువై, రెండవ మెట్టులో టాంపా జట్టు చేత 0-4తో ఓడినవారు వారే. ఆ ఓటమి తరువాతనే కచుక్‌ను తెచ్చుకొనిరి. అతడే అయిదవ ఆటను గెలిపించెను. పిమ్మట 2024లోను 2025లోను కప్పు వారిదే. కనుక పట్టిక అనెడి త్రాసు బోస్టన్‌ను ఎక్కువగా తూచినదనుట కంటె ఫ్లోరిడాను తక్కువగా తూచినదనుట న్యాయము.

ఇది మన మెరుగని సంగతియు కాదు. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఐ.పి.ఎల్. క్రికెట్టులో పట్టికలో మొదటిది ఢిల్లీ. మన హైదరాబాదు వారి దక్కన్ ఛార్జర్స్ నాలుగవది. సెమీఫైనలులో ఢిల్లీని ఓడించి, చివరకు కప్పు తెచ్చినది మన జట్టే. ఆనాడు ఢిల్లీకి అన్యాయము జరిగినదని హైదరాబాదులో ఎవ్వరును వాపోయినట్లు నాకు జ్ఞాపకము లేదు!

ఇంగ్లండు ఫుట్‌బాలు లీగులో పట్టికలో మొదటివాడే విజేత. అచ్చట ఈ చిక్కే లేదు. ఉత్తర అమెరికాలో ఉత్కంఠకు ప్రాధాన్యమిచ్చి రెండు పరీక్షలు పెట్టిరి. పెట్టవచ్చును. కాని ఎవరు మేలైనవారను ప్రశ్నకు మొదటి పరీక్షయు, ఎవరు నిలిచిరను ప్రశ్నకు రెండవదియు బదులిచ్చును. రెండవదాని మార్కులు చూపి మొదటిదానిలో తప్పినట్లు చెప్పుట మాత్రము అన్యాయము. 65 గెలుపులను 'విఫలమైన సంవత్సర'మని పిలుచుట అట్టిదే.

ఈ పేరు పెట్టుటలో ప్రమాదము కూడ కలదు. 2018-19లో టాంపా జట్టు 62 ఆటలు గెలిచి, మొదటి మెట్టులోనే కొలంబస్ చేత 0-4తో ఓడినది. వారు శిక్షకుడైన జాన్ కూపర్‌ను తొలగింపలేదు. ముఖ్యులైన ఆటగాండ్రను చెదరగొట్టలేదు. 2020లోను 2021లోను కప్పు గెలిచిరి. బోస్టన్‌కు అంత తీరిక దొరకలేదు. వయస్సు ఎవరికొరకు ఆగును? 2023 వేసవిలోనే బెర్జెరాన్, డేవిడ్ క్రెయ్చీ ఇరువురును ఆట నుండి విరమించిరి. 2024లో మరల ఫ్లోరిడాయే వారిని ఓడించెను. ఆ నవంబరులో మాంట్‌గోమరీ ఉద్యోగము పోయెను. 2024-25లో జట్టు ప్లే ఆఫ్‌కే చేరలేదు.

ఆ యేడు మార్చిలో బోస్టన్ వారు తమ నాయకుడైన మార్షాండ్‌ను వేరొక జట్టున కిచ్చివేసిరి. అది ఫ్లోరిడా. 2025 జూనులో స్టాన్లీ కప్పును ఎత్తినవారిలో అతడును, నాడు కాలు చాచి అతని నాపిన బొబ్రోవ్‌స్కీయు ఉండిరి.